ఈ రాత్రికి బండి ఎక్కడ?

జంషెడ్‌పూర్‌లో లోడు ఎక్కించి, టార్పాలిన్ బిగించి, కాగితాలు చేతికొచ్చేసరికి సాయంత్రం ఆరున్నర అయింది. పద్నాలుగు చక్రాల లారీ. వెనక దాదాపు 30 టన్నుల ఇనుప కడ్డీలు. చేరాల్సింది విశాఖపట్నం, 850 కిలోమీటర్లకు అటూ ఇటూ. స్టీరింగు దగ్గర 52 ఏళ్ల డ్రైవరు, పక్కన 23 ఏళ్ల మేనల్లుడు. ఇద్దరిదీ శ్రీకాకుళం జిల్లా కంచిలి దగ్గర ఓ ఊరు. లారీ డ్రైవరుకు దారి గురించే బెంగ ఉంటుందని బయటివాళ్లు అనుకుంటారు. దారి ఆయనకు కళ్లు మూసుకున్నా తెలుసు. సాయంత్రమైతే బుర్ర తినేసే ప్రశ్న వేరే ఉంది. ఈ రాత్రి బండి ఎక్కడ పెట్టాలి?

ఈసారి ఆ ప్రశ్నకు జవాబు చెప్పే పని ఆయన పెట్టుకోలేదు. తాళాలు మేనల్లుడి చేతిలో పెట్టి, "రేత్రి హాల్టు నువ్వే సూడరా. నానేటీ సెప్పను" అన్నారు. లైసెన్సు వచ్చి ఏడాదిన్నర అయిన కుర్రాడు నవ్వాడు. అదో పెద్ద పనా అన్నట్టు.

నిజానికి అది పెద్ద పనే. 27 ఏళ్లుగా ఆయన ఇల్లు ఆ క్యాబినే. నెలలో పాతిక రోజులు అందులోనే తిండి, నిద్ర, జ్వరం, పండగ. సీటు వెనక అడ్డంగా ఉండే బల్ల మీద ఒకరు పడుకోవచ్చు, రెండోవాడు సీట్ల మీద వంకర తిరగాలి. పక్కనున్న డబ్బాలో చిన్న గ్యాసు పొయ్యి, బియ్యం, చింతపండు, ఎండుచేపలు. అద్దం పైన వెంకటేశ్వరస్వామి, పక్కనే ఇద్దరు కూతుళ్ల పాస్‌పోర్టు సైజు ఫొటోలు. పెద్దమ్మాయి పెళ్లిచూపుల రోజున ఆయన గువాహటి దారిలో ఉన్నారు. పెళ్లికొడుకును మొదటిసారి చూసింది ఫోన్‌లోనే.

బండిలోనే బతికేవాళ్లు అమెరికాలోనూ ఉన్నారు. ఇల్లు అమ్మేసి, మంచం, వంటగది, స్నానాలగది ఉన్న పెద్ద వ్యాన్లలో ఏడాది పొడవునా తిరిగే వృద్ధ దంపతులు, ఉద్యోగం పోయి గత్యంతరం లేక వ్యాన్ ఎక్కినవాళ్లు. వాళ్ల మీద జెసికా బ్రూడర్ 2017లో పుస్తకం రాస్తే, దాని ఆధారంగా తీసిన 'నొమాడ్‌ల్యాండ్' 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. వాళ్లకూ ప్రతి సాయంత్రం ఇదే ప్రశ్న. కరెంటు కనెక్షన్ ఉందా, నీళ్లు పట్టుకోవచ్చా, మురుగు వదిలే చోటుందా, అద్దె ఎంత, రాత్రి ఎవరైనా తలుపు కొట్టి పొమ్మంటారా? మన లారీ డ్రైవరు అడిగే ప్రశ్నలు వీటికి పెద్ద దూరంలో లేవు. తేడా ఏమిటంటే, ఆయన ఇంటి వెనక వేరొకరి సరుకు లక్షల రూపాయలది ఉంటుంది. అది పోతే ఆయనే జవాబుదారీ.

జాగా ఎంచుకోవడంలో ఆయనకు కొన్ని పట్టింపులున్నాయి. మొదట చూసేది దీపాలు కాదు, నేల. లోడు బండిని వాలులో పెడితే రాత్రంతా కాళ్లు ఒకవైపు జారుతుంటాయి. వానాకాలంలో మెత్తటి మట్టిలో పెడితే పొద్దున్నే చక్రాలు కూరుకుపోయి ఉంటాయి, క్రేన్ వాడికి అయిదు వేలు. రెండోది, ఇంకా ఎవరి బండ్లున్నాయి అన్నది. ఏపీ, తెలంగాణ నంబర్లు నాలుగు కనిపిస్తే మనసు కుదుటపడుతుంది. అన్నం దొరికినట్టే, ఒకరు మేలుకుంటే ఇంకొకరు కునుకు తీయొచ్చు. ఒక్క బండీ లేని ఢాబా ఎంత శుభ్రంగా ఉన్నా ఆపరు. అందరూ వదిలేసిన చోటును వదిలేయడానికి ఏదో కారణం ఉండే ఉంటుందని ఆయన లెక్క. మూడోది నీళ్ల తొట్టి. ఉత్తరాది డ్రైవర్లు హౌదా అంటారు. ఆరుబయట సిమెంటు తొట్టి, మగ్గు, నలుగురు నిలబడి స్నానం చేసేంత చోటు. తొట్టి నిండుగా ఉండి, చుట్టూ పాచి లేకపోతే ఆ ఢాబా యజమాని మంచివాడని ఆయన నమ్మకం. ఇది శాస్త్రమేమీ కాదు. కానీ చాలాసార్లు నిజమైంది.

ఇంకొకటి, బయటపడే దారి. మూతి రోడ్డు వైపు పెట్టి ఆపాలి. తెల్లవారుజామున నిద్రమత్తులో 30 టన్నుల బండిని వెనక్కి తీయడం ఎవరికీ మంచిది కాదు.

ఈ తెలివి ఊరికే రాలేదు. ఓసారి భద్రక్ దాటాక మూతపడ్డ పెట్రోలు బంకులో ఆపి పడుకున్నారు. చదునైన సిమెంటు నేల, చెట్టు నీడ, ఒక్క మనిషి లేడు. పొద్దున లేచేసరికి రెండు బ్యాటరీలూ లేవు, ట్యాంకులో డీజిలూ లేదు. ఓనరు ఆ డబ్బు నాలుగు నెలల జీతంలో కోసుకున్నారు. ఆయన దాన్ని ఇప్పటికీ అదృష్టం కింద జమ కట్టుకుంటారు. నిద్రలేచి అడ్డుపడి ఉంటే ఏమయ్యేదో? అది ఉత్త భయం కాదు. 2009 మార్చిలో అమెరికాలోని సౌత్ కరోలినాలో జేసన్ రివెన్‌బర్గ్ అనే ట్రక్కు డ్రైవరు సరిగ్గా ఇలాగే, గమ్యం దగ్గరపడినా ఆపుకోవడానికి చోటు దొరక్క మూతపడ్డ బంకులో బండి పెట్టి పడుకుంటే, దుండగులు కొద్దిపాటి డబ్బు కోసం కాల్చి చంపారు. ఆయన భార్య పట్టువదలకుండా తిరిగింది. 2012లో ఆ దేశ రవాణా చట్టంలో ట్రక్కుల పార్కింగు కోసం ప్రత్యేకంగా నిబంధనలు చేరాయి. వాటిని అక్కడ 'జేసన్ చట్టం' అనే పిలుస్తారు. మన దగ్గర అలా చనిపోయినవాళ్ల పేరు మీద చట్టం మాట అటుంచి, పత్రికలో పేరు రావడమే గొప్ప.

విచిత్రం ఏమిటంటే, ఈ కథ మొదలైన ఊరు లారీల పుట్టిల్లు. 1907లో టాటా ఉక్కు కంపెనీ పుట్టి, 1912లో ఇక్కడ తొలి ఉక్కు పోతపోసింది. సాక్చీ అనే పల్లె 1919లో జంషెడ్‌పూర్ అయింది. టెల్కో 1945లో వచ్చింది. 1954లో జర్మనీ కంపెనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీల తయారీ మొదలుపెట్టింది. దేశమంతా రోడ్లెక్కిన లారీల్లో ఎన్నో ఈ ఊరి గేట్లు దాటి వెళ్లినవే. ఒకప్పుడు క్యాబిన్ కూడా లేని ఉత్త ఛాసిస్ మీద, చెక్క సీటు బిగించుకుని, ముఖానికి గుడ్డ కట్టుకుని డ్రైవర్లు వాటిని వేల కిలోమీటర్లు తోలుకెళ్లేవారు. ఎండకు ఎండి, వానకు తడిసి విజయవాడ ఆటోనగర్ చేరితే అక్కడి వడ్రంగులు క్యాబిన్ కట్టేవారు, పడుకునే బల్లతో సహా. అంటే బండిని పుట్టించిన ఊళ్లో ఇంజనుకే చోటు దొరికింది, మనిషికి పడక బెజవాడలో దొరికింది. మేనమామ తొలి బండి బల్ల అలా తయారైనదే. టేకు చెక్క అని ఇప్పటికీ చెప్పుకుంటారు.

లారీల ఊళ్లో లారీవాడికి రాత్రి గడిపే చోటు ఏది? పగటిపూట పెద్ద బండ్లను ఊళ్లో తిరగనివ్వరు. లోడు కోసం వచ్చినవి బర్మామైన్స్, జుగ్సలాయి, ఆదిత్యపూర్ వైపు రోడ్ల పక్కన వరుసలు కడతాయి. ఒక్కోసారి నంబరు రావడానికి రెండు రోజులు. టీ దుకాణం బెంచీ, రైల్వే గోడ, ఊరకుక్కలు. ఇటు చూస్తే తెలుగువాళ్లకు ఈ ఊరు పరాయిది కాదు. కర్మాగారం పనుల కోసం శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి రైలెక్కి వచ్చి తరాలుగా స్థిరపడ్డ కుటుంబాలు కదమా, బిష్టుపూర్‌లలో బోలెడు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరానికి వెళితే పులిహోర వాసనతో పాటు ఉత్తరాంధ్ర యాస కూడా చెవిన పడుతుంది. డ్రైవరు గారి దూరపు బంధువు ఒకాయన కదమాలో ఉంటారు. వచ్చినప్పుడల్లా, "ఇంటికొచ్చి పడుకోరా తమ్ముడూ, ఫ్యాను కింద" అని పిలుస్తారు. ఈయన వెళ్లరు. బండి వదిలి వెళితే బండికి కాపలా ఎవరు? 27 ఏళ్లలో ఆ ఇంట్లో రెండుసార్లు భోంచేశారు. ఒక్క రాత్రీ పడుకోలేదు.

మూడేళ్ల క్రితం దాకా ఆయన పట్టింపుల్లో మరుగుదొడ్డి లేదు. రోడ్డు పక్కన చీకటి ఎవరికీ సొంతం కాదు. అప్పుడే కాళ్లు వాచాయి. పరీక్ష చేయిస్తే రక్తంలో క్రియాటినిన్ 2 దాటింది. కంచిలి, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడితోటలతో చూడ్డానికి కోనసీమలా ఉంటుంది. మూత్రపిండాల జబ్బుకు అది మారుపేరైంది. కారణం ఇదీ అని దశాబ్దాల పరిశోధనల తర్వాతా ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డాక్టర్లు ఆయనకు చెప్పింది మూడే మాటలు. నీళ్లు తాగు, మూత్రం ఆపుకోకు, నొప్పి బిళ్లలు మానెయ్. నడుం నొప్పికి పదిహేనేళ్లు మింగిన బిళ్లలు మానేశారు. మిగతా రెండూ లారీలో కూర్చుని పాటించడం ఎలాగో డాక్టర్లు చెప్పలేదు. నీళ్లు తాగితే ఆపాలి. ఆపితే ఆలస్యం. రాత్రి నాలుగుసార్లు లేవాలి, లేచినప్పుడు చీకట్లో ఎత్తయిన క్యాబిన్ నుంచి దిగాలి. అందుకే డ్రైవర్లలో చాలామంది అసలు నీళ్లే తాగరు.

ఇవన్నీ మేనల్లుడికి తెలుసు. తెలిసినా, ఆ రాత్రి అతని మనసులో ఉన్నది బహరాగోడా దాటేముందు ఫోన్‌లో చూసిన ఓ కొత్త పెద్ద ప్రాంగణం. ఫొటోల్లో మెరిసే టైల్స్, పచ్చ లైట్లు, మరుగుదొడ్లు, సిగ్నల్ నాలుగు గీతలు. మామకు అన్నీ అక్కడే దొరుకుతాయని లెక్కేసుకున్నాడు. తప్పు లెక్క కాదది.

ఘాట్‌శిల దాటేసరికి తొమ్మిదిన్నర. మేనమామ మాట్లాడకుండా కిటికీ లోంచి చూస్తున్నారు. ఈ అడవి రోడ్డు మీద రాత్రి ఆపడమన్న మాటే లేని రోజులు ఆయనకు గుర్తు. 2007 మార్చిలో జంషెడ్‌పూర్ ఎంపీ సునీల్ మహతోను మావోయిస్టులు ఘాట్‌శిల దగ్గరే కాల్చి చంపారు. ఆ తర్వాత కొన్నేళ్లు బంద్ పిలుపు వినిపిస్తే చాలు, బండ్లు ఊళ్ల దగ్గర గుంపులుగా ఆగిపోయేవి. ఇప్పుడు ఆ భయం లేదు. ఏనుగుల భయం ఉంది. దల్మా అడవుల్లోంచి మందలు పంట కోతల వేళ బెంగాల్, ఒడిశా వైపు కదులుతాయి. బియ్యం లోడుతో ఈ పక్క ఆగకూడదన్నది పాత డ్రైవర్ల మాట. ఇనుము లోడయితే ఫర్వాలేదు. ఏనుగు ఇనుము తినదు కదా.

ఆ మెరిసే ప్రాంగణానికి చేరేసరికి పదిన్నర. లోపల ఖాళీ ఉంది. కానీ గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు కర్ర అడ్డం పెట్టాడు. ఇక్కడ డీజిల్ కొట్టించుకుంటేనే రాత్రి పార్కింగు. వీళ్ల డీజిల్ కార్డు వేరే కంపెనీది. నూట యాభై ఇస్తామన్నాడు మేనల్లుడు. కార్లకయితే సరేనన్నాడు వాడు, ఫ్యామిలీలు వస్తారట. అప్పటికి మేనమామ రెండు గంటలుగా ఆపుకుని ఉన్నారు. "కాసేపు లోపలికెళ్లి వస్తారు, పెద్దాయన" అని బతిమాలితే, మనిషి వెళ్లొచ్చుగానీ బండి రోడ్డు మీద నిలబెట్టకూడదన్నాడు. బండి తోలేవాడు ఒకడు, దిగేవాడు ఒకడు ఉన్నారు కాబట్టి సరిపోయింది. మేనల్లుడు అర కిలోమీటరు ముందుకెళ్లి రోడ్డు అంచున, ఇండికేటర్లు వెలిగించి ఆపాడు. వెనకనుంచి వచ్చే ప్రతి బండి లైటూ అద్దంలో పెరుగుతూ, చివరి క్షణంలో పక్కకు తప్పుకుంటోంది. రోడ్డు అంచున ఆగిన లారీని వెనకనుంచి గుద్దుకునే ప్రమాదాల్లో ఏటా ఎంతమంది పోతున్నారో అతను వినే ఉన్నాడు. అద్దంలోంచి చూడ్డం ఆ రాత్రే మొదటిసారి. మామ నడిచొచ్చేవరకూ పన్నెండు నిమిషాలు. అతను తర్వాత మూడుసార్లు ఆ పన్నెండు నిమిషాల మాటే ఎత్తాడు.

"ఏటి సేద్దాం మావా?" అన్నాడు చివరికి.

"సెప్పనన్నాను గదేటి" అన్నారాయన.

ఒడిశాలోకి వచ్చాక ఝార్‌పొఖరియా. తెలుగు డ్రైవర్లకు ఆ పేరు ఓ గుర్తు. నంబర్లు మార్చకముందు, మద్రాసు దాకా వెళ్లే పాత అయిదో నంబరు హైవే అక్కడే మొదలయ్యేది. ఆ మలుపు తిరిగితే ఇంటి రోడ్డెక్కినట్టే. అక్కడికి కొంచెం అవతల, వెలుగు తక్కువగా ఉన్న ఢాబా ముందు ఏపీ 39 నంబర్లు మూడు, ఓ తెలంగాణ బండి కనిపించాయి. మేనల్లుడు దిగి, ముందు కాలితో నేల తొక్కి చూశాడు. తొట్టి చూశాడు. వెనక్కి వెళ్లి, మరుగుదొడ్డి తలుపుకు గొళ్లెం ఉందో లేదో, బల్బు వెలుగుతుందో లేదో చూసి వచ్చాడు. బండిని మూతి రోడ్డు వైపు ఉండేలా తిప్పి పెట్టి, చక్రం కింద రాయి పెట్టాడు. మేనమామ ఏమీ అనలేదు. పై బల్ల కుర్రాడికిచ్చి, తాను కింద సీట్ల మీద పడుకున్నారు. దిగడానికి అదే సులువని.

చట్టం దృష్టిలో ఈ కష్టం ఉండాల్సిన పనే లేదు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, అయిదు గంటలకోసారి అరగంట విశ్రాంతి అని అందులో ఉండేది. ఈ-వే బిల్లు కూడా దయగలదే. 2021 నుంచి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువిస్తుంది, అంటే విశాఖ చేరడానికి అయిదు రోజులు. ఓనరు ఇచ్చేది రెండున్నర. 2017లో జీఎస్టీ రావడంతో ఇచ్ఛాపురం దగ్గర గంటల తరబడి నిలబెట్టే చెక్‌పోస్టు బాధ తప్పింది. ఆ మిగిలిన గంటలు డ్రైవరు నిద్రకు రాలేదు, ఇంకో ట్రిప్పు లెక్కలో కలిసిపోయాయి. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2020లో పది నగరాల్లో చేసిన అధ్యయనంలో డ్రైవర్లు రోజుకు సగటున దాదాపు 12 గంటలు బండి నడుపుతున్నారని తేలింది. అలసిపోయినా, నిద్ర వస్తున్నా ఆపబోమని దాదాపు సగం మంది ఒప్పుకున్నారు. ఆపడానికి చోటుంటే కదా!

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం సరికాదు. హైవేల పక్కన డ్రైవర్ల కోసం వెయ్యి భవనాలు కడతామని ప్రధాని 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. అదే ఏడాది అక్టోబరులో 'హమ్‌సఫర్' పేరిట హైవే సదుపాయాల విధానం వచ్చింది. చమురు కంపెనీలు బంకుల్లో 'అప్నా ఘర్' పేరుతో పడకలు, వండుకునే చోటు, హౌదా ఏర్పాటు చేస్తున్నాయి. 2025 జూలై నాటికి దేశం మొత్తం మీద 368 చోట్ల 4,611 పడకలు. దేశంలో రోడ్ల మీదున్న లారీలు లక్షల్లో. 2025లో కొత్త లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. మంచిదే. అయితే ఇంజను ఆపితే ఏసీ ఆగుతుంది, ఆపకపోతే డీజిల్ లెక్క అడుగుతారు. పాత బండ్లవాళ్లకు కిటికీయే ఏసీ. ఐరోపాలో అత్యున్నత న్యాయస్థానం 2017 డిసెంబరులో, డ్రైవరు వారాంతపు పూర్తి విశ్రాంతిని క్యాబిన్‌లో గడపకూడదని తీర్పిచ్చింది. క్యాబిన్ మంచం మంచమే కాదని దాని భావం. ఆ మాట ఢాబాలో చెబితే నవ్వుతారు. బండిని వదిలి పడుకోమంటే మన డ్రైవరుకు నిద్రే పట్టదు.

రెండో రాత్రి ఖల్లికోట్, రంభా మధ్య, చిలికా గాలి తగిలే చోట. మేనల్లుడు ఈసారి తొమ్మిదింటికే ఆపేశాడు. గంట ముందే ఎందుకని ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. జీపీఎస్ అన్నీ చూస్తుంటుంది. టైరులో గాలి చూసుకుంటున్నామని చెప్పి, నిజంగానే దిగి ఓసారి టైర్లు తట్టాడు.

మూడో రోజు పొద్దున పదింటికి ఇచ్ఛాపురం. తర్వాత కంచిలి. హైవేకు ఆయన ఇల్లు కిలోమీటరున్నర. డాబా మీద ఆరేసిన చీరలు లారీ క్యాబిన్ ఎత్తుకు కనిపిస్తాయి. జంషెడ్‌పూర్ నుంచి విశాఖ దాకా చదును నేల, మంచి నీళ్లు, తెలిసిన మనుషులు, తలుపున్న మరుగుదొడ్డి, ఫ్యాను ఉన్న చోటు ఏదంటే అదే. అక్కడ మాత్రం రాత్రి ఆపడానికి వీల్లేదు. సిమెంటు రోడ్డు 30 టన్నులు మోయదు. సొంతూళ్లో అరగంటకు మించి బండి ఆగితే సరుకు దించుకుంటున్నారేమోనని ఆఫీసుకు అనుమానం. అందుకే ట్రిప్పుకోసారి ఆయన భార్య సర్వీసు రోడ్డు దగ్గరికి క్యారియర్ తెచ్చి నిలబడుతుంది.

ఆమె చింతచెట్టు కింద ఎదురుచూస్తోంది. చిన్నకూతురు కూడా వచ్చింది, కాలేజీ మానేసి. క్యారియర్లో ఉప్పు లేకుండా వండిన పప్పు, వేరే గిన్నెలో మేనల్లుడికి చేపల పులుసు. ఆయన చెట్టు మొదట్లో కూర్చుని తింటుంటే ఆమె మందుల డబ్బా తెరిచి బిళ్లలు లెక్కపెట్టింది. రెండు మిగలాల్సిన చోట నాలుగు మిగిలాయి. ఏమీ అనకుండా డబ్బా మూసి, రెండు లీటర్ల నీళ్ల సీసా బండిలో పెట్టింది. తర్వాత ఆయన పాదం మీద వేలితో నొక్కి, గుంట పడుతుందేమో చూసింది.

"ఈ రేత్రి ఎక్కడ?" అంది.

విశాఖలోకి పెద్ద బండ్లను పగలు రానివ్వరు, రాత్రి దాకా బయటే ఆగాలి. ఆయన మేనల్లుడి వైపు చూశారు.

"నాతవలస టోలు దాటాక ఒకటుందత్తా. దొడ్డికి గొళ్లెం ఉంది, లైటుంది" అన్నాడు వాడు, ముల్లు తీసుకుంటూ.

ఫోను మోగింది. పద్దెనిమిది నిమిషాలైంది.